ట్రేడింగ్ సిస్టమ్‌కు ఏ ఓఎస్ వేసుకోవాలి? ఎంపిక, ఇన్‌స్టాల్, సెట్టింగులు, చిక్కులు

షేర్ మార్కెట్ నడిచేది పొద్దున 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా. ఆ ఆరుంబావు గంటల్లో మీ సిస్టమ్ తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టకూడదు. రీస్టార్ట్ కాకూడదు, నిద్రలోకి జారకూడదు, అప్‌డేట్ దించుకుంటూ నెట్ అంతా మింగకూడదు. ట్రేడింగ్‌కు స్టేబుల్ ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) అంటే ఇదే. వేగం, అందం తర్వాతి మాట.

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి, ఎటు చూసినా అడిగేది ఒకటే: "విండోస్ 10నే ఉంచుకోవాలా, 11కి పోవాలా, లైనక్స్ వేసుకోవాలా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఇంకో సంగతి తేలాలి: మీరు నడిపే సాఫ్ట్‌వేర్ ఏది?

## 1. ముందు సాఫ్ట్‌వేర్ జాబితా రాయండి

ఒక కాగితం మీద మీరు రోజూ తెరిచేవన్నీ రాయండి. చార్టు, ఆర్డర్ టెర్మినల్ (ఆర్డర్లు వేసే ప్రోగ్రామ్), డేటా ప్లగిన్ (చార్టుకు రేట్లు తెచ్చే చిన్న ప్రోగ్రామ్), ఎక్సెల్ షీటు, ప్రింటర్ కూడా. ఒక్కోదాని పక్కన అది దేని మీద నడుస్తుందో రాసుకోవాలి.

- బ్రౌజర్‌లో తెరిచే టెర్మినళ్లు, జెరోధా కైట్ లాంటివి: ఏ ఓఎస్ అయినా చాలు.
- ట్రేడింగ్‌వ్యూ డెస్క్‌టాప్: విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ ఉంది.
- ఓడిన్, నెస్ట్ లాంటి బ్రోకర్ టెర్మినళ్లు: విండోస్.
- అమీబ్రోకర్ (చార్టుల సాఫ్ట్‌వేర్): విండోస్ మాత్రమే.
- లైవ్ రేట్లు లాగే ఎక్సెల్ షీటు: విండోస్ ఎక్సెల్. మ్యాక్ ఎక్సెల్‌లో ఆ ఆర్‌టీడీ లింకు పనిచేయదు.
- పైథాన్‌తో ఏపీఐ ఆర్డర్లు (స్క్రిప్టే నేరుగా బ్రోకర్‌కు పంపేవి): ఏదైనా సరే, లైనక్స్ మేలు.

జాబితాలో ఒక్కటి విండోస్ మాత్రమే అన్నా, మెయిన్ సిస్టమ్ విండోసే. వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి అమీబ్రోకర్‌ను లైనక్స్ మీద తెరిపించే వాళ్లున్నారు. చార్టు తెరుచుకుంటుంది గానీ డేటా ప్లగిన్ దగ్గర ఆగుతుంది. పైసలు పెట్టే చోట ఆ ప్రయోగాలొద్దు.

ఇక్కడే ఇంకొకటి చూడండి. 64 బిట్ అమీబ్రోకర్‌కు 64 బిట్ ప్లగినే కావాలి, 32 బిట్‌ది ఎక్కదు. డేటా అమ్మేవాళ్లను "ఎన్ని బిట్ ప్లగిన్ ఇస్తారు" అని కొనకముందే అడగండి. చాలాసార్లు "విండోస్ 11లో పనిచేయట్లేదు" అనే లొల్లి అసలు ఇదే.

## 2. ఉన్న మిషన్ దేన్ని మోస్తుంది?

విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు జరిగే భద్రతా తనిఖీ) కావాలి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజన్ అయితే దాదాపు 2000 సిరీస్ నుంచి పనికొస్తాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో దొరికే సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఆరో తరం, ఏడో తరం చాలా ఉంటాయి. "ఐ5 ఉంది కదా" అని తెచ్చుకుంటే సరిపోదు. ఐ5 తర్వాత గీత పక్కన ఉండే నంబరు చూడాలి. 8500 అయితే ఎనిమిదో తరం, 6500 అయితే ఆరో తరం.

కొనేముందు చూడాల్సినవి:

- ర్యామ్ 16 జీబీ. బ్రౌజర్ టెర్మినల్ ఒక్కటే అయితే 8 జీబీతో నెట్టుకురావచ్చు.
- ఎస్‌ఎస్‌డీ 256 జీబీ చాలు. పాత హార్డ్‌డిస్క్ మీద ఏ ఓఎస్ వేసినా 9:15కు ఈడుస్తుంది.
- కొత్త ల్యాప్‌టాప్ ఎస్ మోడ్‌లో వచ్చిందా? అందులో స్టోర్ యాప్‌లు తప్ప బయటి సెటప్ ఫైళ్లు ఎక్కవు. ఉచితంగానే బయటికి రావచ్చు, మళ్లీ లోపలికి పోలేరు. పోవాల్సిన పనీ లేదు.
- స్నాప్‌డ్రాగన్ చిప్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీకి బాగుంటాయి. పాత టెర్మినళ్లు, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్లు మొరాయించొచ్చు. ట్రేడింగ్‌కు ఇంటెల్ లేదా ఏఎండీయే తీసుకోండి.

పాత మిషన్ అయితే రెండు పరీక్షలు చేయనిదే ఓఎస్ జోలికి పోవద్దు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూడండి. మెమ్‌టెస్ట్86 ప్లస్ పెన్‌డ్రైవ్‌తో ర్యామ్‌ను రాత్రంతా పరీక్షించండి. ఒక్క ఎర్ర లైన్ కనిపించినా ఆ ర్యామ్ తీసేయాలి. చెడిపోయిన ర్యామ్ మీద ఎంత మంచి ఓఎస్ అయినా నీలి తెర చూపిస్తుంది, తిట్లు మాత్రం విండోస్‌కు పడతాయి.

## 3. ఎంపిక

విండోస్ 11 ప్రో. విండోస్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు ఇదే మా సలహా. హోమ్ ఎడిషన్‌తో కూడా నడుస్తుంది. కానీ ప్రోలో గ్రూప్ పాలసీ ఉంటుంది, దానితో వెర్షన్‌ను ఒకచోట కట్టేయొచ్చు. కొత్త ఫీచర్ వెర్షన్ వచ్చిన ఆరు నెలల దాకా దాని మొహం చూడొద్దు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలల సపోర్టు ఉంటుంది కాబట్టి తొందరేం లేదు.

విండోస్ 10. మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఇచ్చిన భద్రతా పొడిగింపు గడువు 2026 అక్టోబర్ 13. ఉన్నది బాగా నడుస్తుంటే పొడిగింపులో చేరి, ఆలోపు మారే ఏర్పాటు చేసుకోండి. కొత్తగా విండోస్ 10 వేయించుకోవడం దండగ.

ఎల్‌టీఎస్‌సీ. ఫీచర్ అప్‌డేట్లు రాని, ఏళ్ల తరబడి సపోర్టు ఉండే విండోస్ ఇది. ట్రేడింగ్‌కు అతికినట్టు సరిపోతుంది. చిక్కల్లా ఇది కంపెనీలకే, వాల్యూమ్ లైసెన్సు మీద అమ్ముతారు. షాపులో చవగ్గా వేసిచ్చేది క్రాకే.

లైనక్స్ మింట్ లేదా ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టు ఉండే వెర్షన్). జాబితా అంతా బ్రౌజర్, ట్రేడింగ్‌వ్యూ, పైథాన్ అయితే హాయిగా వేసుకోండి. మీరు చెప్పనిదే రీస్టార్ట్ కాదు. ఏడో తరం మిషన్ మీద కూడా చురుగ్గా ఉంటుంది. ఉబుంటు 24.04కు, దాని మీద కట్టిన మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఎల్‌టీఎస్ కాని మధ్య వెర్షన్లకు తొమ్మిది నెలలే ఆయుష్షు, వద్దు.

మ్యాక్. బ్రౌజర్ ట్రేడర్లకు బాగుంటుంది. ఉన్నవాళ్లు వాడుకోండి, దీనికోసం కొనక్కర్లేదు.

క్రాక్ విండోస్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. రిపేరు షాపులో "అన్నా, యాక్టివేట్ చేసిచ్చిన" అని చేతికిస్తే అందులో ఏ యాక్టివేటర్ నడిపారో మీకు తెలియదు. అది నడవడానికి యాంటీవైరస్‌ను ఆపేసి ఉంటారు. అదే మిషన్‌లో మీ బ్రోకర్ పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఈమెయిల్ తెరిచి ఉంటాయి. "లైట్", "గేమింగ్ ఎడిషన్" పేరుతో తిరిగే కోత కోసిన విండోస్‌లూ అంతే. వాటిలో అప్‌డేట్ సర్వీసునే పీకేసి ఉంటారు.

## 4. ఇన్‌స్టాల్ వరుస

శుక్రవారం మార్కెట్ ముగిశాక మొదలుపెట్టండి. శని, ఐతారం చేతిలో ఉంటాయి.

1. పాత సిస్టమ్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు) తీయండి. రెస్క్యూజిల్లా ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది.
2. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కీలు, చార్టు లేఅవుట్లు, ఫార్ములా ఫైళ్లు విడిగా కాపీ చేయండి. అథెంటికేటర్ (లాగిన్ కోడ్ ఇచ్చే యాప్) ఫోన్‌లో పనిచేస్తోందా చూసుకోండి.
3. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేయండి. షాపువాళ్ల పెన్‌డ్రైవ్ వద్దు.
4. పాత దాని మీద అప్‌గ్రేడ్ కాకుండా, డిస్క్ తుడిచి కొత్తగా వేయండి.
5. యూజర్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా, చిన్నగా పెట్టండి. తెలుగులో పేరు పెడితే యూజర్ ఫోల్డర్ కూడా తెలుగులోనే తయారవుతుంది, పాత టెర్మినళ్లు ఆ దారి చదవలేక కూలిపోతాయి.
6. డ్రైవర్లు: మదర్‌బోర్డు చిప్‌సెట్, తర్వాత నెట్‌వర్క్, తర్వాత గ్రాఫిక్స్. ల్యాప్‌టాప్ అయితే కంపెనీ సైట్ నుంచే.
7. అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, రెండుసార్లు రీస్టార్ట్ చేయండి.
8. పాత టెర్మినల్ అడిగితే డాట్‌నెట్ 3.5ను విండోస్ ఫీచర్స్‌లోంచి ఆన్ చేయండి.
9. ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు. అంతా సరిగ్గా ఉన్నాక మళ్లీ ఒక ఇమేజ్. రేపు ఏం చెడినా గంటలోపు వెనక్కి రాగలిగేది ఈ రెండో ఇమేజ్ వల్లే.

మధ్యలో రెండు గుంటలున్నాయి. విండోస్ 11 సెటప్‌లో వన్‌డ్రైవ్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి జరిగిపోతాయి. అమీబ్రోకర్ డేటాబేస్ అందులో ఉంటే రేటు మారిన ప్రతిసారీ సింక్ మొదలై ఫైలుకు తాళం పడుతుంది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపి, సీ డ్రైవ్‌లో నేరుగా ట్రేడ్ అనే ఫోల్డర్ పెట్టుకోండి.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో కొత్తగా వేస్తే చాలా మిషన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. ఎప్పుడో బయాస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసిన రోజు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఇవాళే మీ అకౌంటులోంచి ఆ కీ చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

## 5. అప్‌డేట్లను కట్టేయడం

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కొందరు అప్‌డేట్లను పూర్తిగా చంపేస్తారు, ఇంకొందరు దాని మానాన దాన్ని వదిలేస్తారు. రెండూ తప్పే. అప్‌డేట్ కావాలి, కానీ మీరు చెప్పిన రోజున.

మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా అప్‌డేట్ ప్రతి నెల రెండో మంగళవారం ఇస్తుంది. మనకు అది ఆ రాత్రి 10:30కో 11:30కో దిగుతుంది. అంటే బుధవారం పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే తలుపు తడుతుంది. అందులో ఏదైనా లోపం ఉంటే నాలుగైదు రోజుల్లో లోకమంతా గగ్గోలు పెడుతుంది. కాబట్టి పదకొండు రోజులు ఆగండి. ఆ మంగళవారం తర్వాత వచ్చే రెండో శనివారం మీ అప్‌డేట్ రోజు.

- సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి పాజ్‌ను ఐదు వారాలకు పెట్టండి. హోమ్‌లోనూ ఉంటుంది.
- ఆ శనివారం పాజ్ తీసి, అప్‌డేట్లు ఎక్కించి, రీస్టార్ట్ చేసి, టెర్మినల్ తెరిచి లాగిన్ చూసి, మళ్లీ పాజ్ పెట్టండి.
- కొత్త అప్‌డేట్లు రాగానే తెచ్చుకునే బటన్ ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే ప్రివ్యూ అప్‌డేట్లు కూడా వచ్చిపడతాయి.
- యాక్టివ్ అవర్స్ గరిష్ఠంగా 18 గంటలే ఇస్తుంది. ఉదయం 6 నుంచి రాత్రి 12 పెట్టండి. కమోడిటీ ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్ రాత్రి 11:30కో 11:55కో మూసేవరకూ సరిపోతుంది.

ప్రో ఉన్నవాళ్లకు ఇంకో తాళం ఉంది. గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, విండోస్ అప్‌డేట్ వరుసలో పోండి. అక్కడ టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్ ఎంచుకునే చోట మీ వెర్షన్ రాస్తే, మీరు మార్చేదాకా లేదా సపోర్టు ముగిసేదాకా అక్కడే ఉంటుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌కు ఆ తేదీ 2026 అక్టోబర్ 13, 25హెచ్2కు 2027 అక్టోబర్ 12. అక్కడే అప్‌డేట్లతో డ్రైవర్లు పంపొద్దనే పాలసీ కూడా ఆన్ చేయండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మారిపోయి రెండో మానిటర్ నల్లబడేది ఇది చేయనందువల్లే.

ప్రస్తుతం నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ (వారపు ఆప్షన్ల గడువు ముగిసే రోజు) మంగళవారం, సెన్సెక్స్‌ది గురువారం. ఆ ముందు రాత్రులు దేన్నీ ముట్టుకోవద్దు, బ్రౌజర్ అప్‌డేట్‌ను కూడా.

లైనక్స్ వాళ్లు "మాకు ఈ బాధ లేదు" అనుకోవద్దు. ఉబుంటు సర్వర్ భద్రతా అప్‌డేట్లను రోజూ ఉదయం 6 నుంచి 7 మధ్య తనే ఎక్కించుకుంటుంది. 24.04 అయితే అవసరమైన సర్వీసులను కూడా రీస్టార్ట్ చేస్తుంది. క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. అక్కడి 6 మనకు 11:30. సరిగ్గా మార్కెట్ నడుమ! టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాకు మార్చండి. మార్చకుండా యూటీసీలోనే ఉంచితే, 9:15కు మొదలవ్వాల్సిన స్క్రిప్టుకు క్రాన్‌లో (టైమ్‌కు పనులు మొదలుపెట్టే లైనక్స్ సాధనంలో) 3:45 రాయాలి.

## 6. కరెంటు, నిద్ర, నెట్

మన దగ్గర ట్రేడింగ్ సిస్టమ్‌ను కూల్చేది ఓఎస్ కన్నా కరెంటే ఎక్కువ. ఎండకాలం మధ్యాహ్నం వోల్టేజీ డిమ్మవుతుంది, గాలిదుమారం వస్తే లైను పోతుంది. ఒక్క క్షణం పోయి వచ్చినా డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది.

డెస్క్‌టాప్‌కు 600 వీఏ యూపీఎస్ పెట్టండి. కొత్త బ్యాటరీతో సిస్టమ్, ఒక మానిటర్ 10 నుంచి 15 నిమిషాలు నడుస్తాయి. పొజిషన్ (నడుస్తున్న ట్రేడ్) మూసి పక్కకు జరగడానికి చాలు. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్లు దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. ఈకో మోడ్‌లో మారేందుకు పట్టే సమయానికే సిస్టమ్ ఆరిపోతుంది. ఫైబర్ డబ్బాకూ, రౌటర్‌కూ బ్యాకప్ ఉండాలి. సిస్టమ్ వెలుగుతూ నెట్ పోతే ఏం లాభం?

యూపీఎస్ బ్యాటరీ వేడికి త్వరగా చస్తుంది. ప్రతి మార్చిలో ఒక ఐతారం ప్లగ్ పీకి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడండి. ఐదు నిమిషాల లోపే పడిపోతే బ్యాటరీ మార్చాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి ఫ్యాన్లలో దుమ్ము ఊదాలి.

ఓఎస్‌లో చేయాల్సినవి:

- ప్లగ్‌లో ఉన్నప్పుడు స్లీప్ "నెవర్". స్క్రీన్ ఆఫ్ కావచ్చు, సిస్టమ్ కాకూడదు.
- డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు పొదుపు కోసం ఆపే టిక్కు తీసేయండి.
- ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్ నిజంగా తాజాగా మొదలుకాదు. రోజూ ఆపి ఆన్ చేస్తున్నా నెమ్మదించే సిస్టమ్‌లకు సగం కారణం ఇదే.
- బయాస్‌లో కరెంటు వచ్చాక మళ్లీ ఆన్ అయ్యే సెట్టింగు పెట్టండి.
- క్రోమ్‌లో మెమరీ సేవర్, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ టెర్మినల్ సైటుకు ఆపండి. వెనక ట్యాబ్ నిద్రపోతే అలర్ట్ మోగదు.

నెట్‌కు మొదటి దారి ఫైబర్, లాన్ కేబుల్‌తో. రెండోది వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్, యూఎస్‌బీ టెథరింగ్‌తో. వైఫై హాట్‌స్పాట్ కన్నా ఇది నిలకడ. ఆ ఫోన్ కనెక్షన్‌ను విండోస్‌లో మీటర్డ్ (డేటా పొదుపుగా వాడాల్సింది) అని గుర్తుపెట్టండి, లేకపోతే ఆ చిన్న డేటాలో విండోస్ డౌన్‌లోడ్లు మొదలవుతాయి.

ఏపీఐతో ఆర్డర్లు వేసేవాళ్లకు ఇది చాలదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 ఫిబ్రవరి 4 సర్క్యులర్‌లో ఏపీఐ ఆర్డర్లకు స్టాటిక్ ఐపీ (మారని నెట్ చిరునామా) ఉండాలంది. ఇంటి ఫైబర్ ఐపీ మారుతూ ఉంటుంది, ఫోన్‌కు మారితే అది అసలు వేరే ఐపీ. అలాంటివాళ్లు ముంబైలోనో హైదరాబాద్‌లోనో క్లౌడ్ సర్వర్ తీసుకుని, ఉబుంటు ఎల్‌టీఎస్ వేసి, స్టాటిక్ ఐపీని బ్రోకర్ దగ్గర నమోదు చేయడం మేలు. ఇంటి సిస్టమ్ చూడటానికే ఉంటుంది, కరెంటు పోయినా స్క్రిప్టు ఆగదు.

## 7. గడియారం

లాగిన్‌కు అథెంటికేటర్ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది. కోడ్ చూపించేది ఫోన్ అయితే ఫోన్ టైమ్ సరిగ్గా ఉండాలి. స్క్రిప్టే కోడ్ తయారుచేస్తుంటే సిస్టమ్ టైమ్ సరిగ్గా ఉండాలి. నిమిషం అటూ ఇటూ అయినా "తప్పు కోడ్" అంటుంది.

విండోస్, లైనక్స్ రెండూ ఒకే మిషన్‌లో వేసుకుంటే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు జరుగుతుంది. విండోస్ మదర్‌బోర్డు గడియారాన్ని మన టైమ్‌గా, లైనక్స్ దాన్ని యూటీసీగా చదవడం వల్ల ఇది జరుగుతుంది. లైనక్స్‌ను లోకల్ టైమ్‌కు మార్చితే పోతుంది. అసలు ట్రేడింగ్ మిషన్‌లో రెండు ఓఎస్‌లు ఎందుకు?

ప్లగ్ పీకిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే సీఆర్ 2032 బిళ్ల మార్చండి. ఏ వాచీల కొట్టులోనైనా దొరుకుతుంది.

## 8. లైవ్‌కు ముందు పరీక్ష

కొత్త ఓఎస్ మీద మొదటి రోజే పైసలు పెట్టొద్దు. పది సెషన్లు పేపర్ ట్రేడింగ్‌తో (అసలు పైసలు పెట్టకుండా), పాత సిస్టమ్ పక్కనే ఉంచుకుని నడపండి. ఎక్స్ఛేంజీలు కొన్ని శనివారాలు మాక్ సెషన్లు పెడతాయి, మీ బ్రోకర్ పాల్గొంటే వాడుకోండి.

రోజూ సాయంత్రం స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికి ఆ హిస్టరీ తెరవండి. ఎర్ర గుర్తు పడ్డ రోజు ఏం కూలిందో పేరుతో సహా ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 కనిపిస్తే సిస్టమ్ సరిగ్గా మూసుకోకుండా ఆగిందని అర్థం. ముందు యూపీఎస్‌ను, ఎస్‌ఎంపీఎస్‌ను (సిస్టమ్ లోపలి కరెంటు డబ్బాను) అనుమానించండి.

ఒక రోజు, పొజిషన్ లేకుండా, కావాలనే మెయిన్ స్విచ్ ఆపండి. ఫోన్ యాప్‌లో లాగిన్ అయ్యి ఆర్డర్ పేజీ తెరవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. బ్రోకర్ డీలింగ్ డెస్క్ నంబరు గోడ మీద అతికించి ఉండాలి.

ఇక్కడొక తేడా పట్టుకోండి. ఎక్స్ఛేంజీకి పంపిన స్టాప్‌లాస్ ఆర్డర్ (నష్టం పెరగకుండా బయటపడేసేది) మీ సిస్టమ్ కాలిపోయినా బతికే ఉంటుంది. ఎక్సెల్ షీటులోనో, అమీబ్రోకర్ ఫార్ములాలోనో రాసుకున్న స్టాప్‌లాస్ సిస్టమ్‌తోపాటే పోతుంది. ఎంత స్టేబుల్ ఓఎస్ అయినా రెండోదాన్ని నమ్ముకోవద్దు, పైలం.

## 9. చిక్కు, మందు

- 9:15కు చార్టు పట్టేస్తోంది: టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం ఉందా? యాంటీవైరస్ డేటా ఫోల్డర్‌ను గాలిస్తోంది. ఆ ఒక్క ఫోల్డర్‌నే మినహాయించండి, యాంటీవైరస్‌ను ఆపొద్దు.
- టెర్మినల్ అక్షరాలు మసకగా, బటన్లు తెర బయట: ఆ ప్రోగ్రామ్ ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో డీపీఐ సెట్టింగు మార్చండి. కాకపోతే స్కేలింగ్ 100 శాతం.
- అప్‌డేట్ తర్వాత టెర్మినల్ తెరుచుకోదు: అప్‌డేట్ హిస్టరీలోంచి ఆ ఒక్క అప్‌డేట్ తీసేయండి. కుదరకపోతే రెండో ఇమేజ్.
- బ్రౌజర్ చార్టులో గీతలు, మెరుపులు: హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. తగ్గితే గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాలి.

## 10. పొద్దున 8:45 చెక్‌లిస్టు

- సిస్టమ్‌ను రీస్టార్ట్ చేశారా, షట్‌డౌన్ కాదు
- అప్‌డేట్ పాజ్‌లో ఉందా, తేదీ దాటిందా
- గడియారం ఫోన్‌తో కలుస్తోందా
- యూపీఎస్ పచ్చ లైటు వెలుగుతోందా
- ఫోన్ చార్జింగ్, డేటా ఉన్నాయా
- టెర్మినల్ లాగిన్ 9 గంటలకు ముందే అయ్యిందా, ప్రీ ఓపెన్‌లో రేట్లు కదులుతున్నాయా